యాభై నాలుగు గ్రాముల సరుకు

నేను ఒక మౌస్‌ని, తోక లేనిదాన్ని. వైర్‌లెస్ అంటారు. కంప్యూటర్ ఆటల కోసమే పుట్టాను. తేలికగా ఉండాలని ఫ్యాక్టరీలో నా వీపు నిండా చిల్లులు పెట్టారు. అయినా గట్టిగా పిండితే కిర్రుమనను, ఊపితే లొడలొడలాడను. పెట్టెలో నాతోపాటు ఛార్జింగ్ తీగ, వేళ్లు జారకుండా అంటించుకునే నల్ల స్టిక్కర్లు, నా అడుగున అరిగినప్పుడు మార్చుకునే తెల్ల బిళ్లలు వచ్చాయి. గొప్పలు కావు, ఉన్నమాట.

నన్ను కొన్నది నీరజ. విజయవాడ పోటీలో గెలిస్తే జట్టులో చోటు. ఓడితే ఆటలు మానేసి, తాడేపల్లిగూడెంలో నాన్నగారి స్టీలు సామాన్ల కొట్లో కూర్చోవాలి. ఆ నాన్నగారు కోదండపాణి, ముప్పై ఏళ్లుగా గిన్నెలు తూకానికి అమ్మిన మనిషి. నన్ను అరచేతిలో ఎత్తి, వేలితో తట్టి, పెదవి విరిచారు.

"ఏంటమ్మా ఇది, డొల్లలాగుంది! జల్లెడ గానీ కొన్నావా?"

"తేలిగ్గా ఉండటవే దాని గొప్ప, నాన్నా."

నమ్మక, పక్కకొట్టు కంసాలి కాటా మీద పెట్టించారు. సరిగ్గా యాభై నాలుగు గ్రాములు. "కొత్తిమీర కట్టంత లేదు" అని నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

పోటీకి ముందురోజు ఆయుధపూజ. కాటాకీ తూకంరాళ్లకీ స్కూటరుకీ బొట్లు పెట్టి, కూతురి ఆయుధం కదా అని నాకూ నిండుగా పెట్టారు. కుంకుమంతా చిల్లుల్లోంచి నా కడుపులోకి జారింది. సాయంత్రం నీరజ ఎంత నొక్కినా ఎడమ బటన్ పలకలేదు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు చూసి ఆయన మొహం మాడిపోయింది.

"నేనే పాడుచేశాను. ఇలా ఇయ్యమ్మా."

నా స్క్రూలన్నీ అడుగు బిళ్లల కిందే ఉంటాయి. ఒకసారి పీకితే అవి మళ్లీ అతకవు. పెట్టెలోని కొత్త బిళ్లల్ని చూసి "ఇవెందుకు, పారెయ్" అన్నది ఆయనే. పారేయకుండా గల్లాపెట్టెలో దాచిందీ ఆయనే. మెత్తని బ్రష్‌తో కుంకుమ దులిపి, నన్ను మూసి, కొత్త బిళ్లలు అంటించారు. ఏ స్క్రూ అయినా మరిచానేమోనని ఆయనకు భయం. కంసాలి కాటా కూడా పూజలోనే ఉంది, ఆరోజు కదపకూడదు. అయినా కంసాలిని బతిమాలి నన్ను తూచారు. యాభై నాలుగే.

"సరిపోయింది తల్లీ. ఎల్లి గెలిచిరా."

గెలిచాం. నీరజ జట్టులో చేరింది, రెండేళ్లు నాతోనే ఆడింది. ఇప్పుడు ఆమెకు కొత్త మౌస్ ఉంది. నేను కొట్లో అద్దాల బీరువాలో, రాగి చెంబుల పక్కన ఉంటున్నాను. దసరాకి నాకు బొట్టు తప్పదు, చిల్లులు లేని స్టిక్కర్ మీద మాత్రమే. మొన్న ఒకావిడ నన్ను చూపించి "ఇదెంతండీ?" అని అడిగింది.

కోదండపాణిగారు చెంబు తూస్తూ తల కూడా ఎత్తలేదు.

"అది తూకానికిచ్చే సరుకు కాదమ్మా."