పద్నాలుగో పటం

మేకు ఉంది. పటం లేదు.

పురపాలక భవనం హాల్లో పదమూడు మంది మాజీ మేయర్ల పటాల చివర, తెర వెనక నా పటం ఉండాల్సిన చోట ఉత్త గోడ. పదింటికి ఆ తెర నేను లాగాలి. తొమ్మిదీ నలభై అయింది. బయట మెట్ల మీద బ్యాండువాళ్లు బాకాలు సరిచూసుకుంటున్నారు.

"పోలీసుకి ఫోన్ చేశానమ్మా," అన్నాడు కాపలాదారు జెనివాల్దు. "ఆ పెద్దిళ్లవాళ్ల పనే ఇది. ఎనిమిదేళ్లు నల్లావిడ కుర్చీలో కూర్చుంటేనే వాళ్లకి మింగుడు పడలేదు. ఇక గోడ మీద కూడానా అని ఎత్తుకుపోయుంటారు."

"నువ్వు చూశావా?"

"చూడక్కర్లేదు, వాల్దెలీసి గారూ!"

"పొద్దున్నుంచి లోపలికి ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు. యుతీమియు తాత తప్ప. తను వేసిన పటం ఓసారి చూసుకుంటానన్నాడు."

గచ్చు మీద ముదురు గోధుమరంగు చుక్క కనిపించింది. వేలితో తాకాను. తడి. రెండడుగుల అవతల ఇంకోటి. చుక్కల వెంట నడిస్తే వెనక వరండా వచ్చింది.

తాత మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో నా పటం. చేతిలో కుంచె.

ఎనభై ఏళ్ల యుతీమియు మా ఊరందరి ముఖాలూ వేశాడు. గుర్తింపు కార్డు ఫోటో ఇస్తే చాలు, పెద్దది చేసి రంగులద్దుతాడు. కోటు లేనివాడికి కోటు తొడుగుతాడు. నల్లవాళ్లని అడక్కుండానే రెండు ఛాయలు తేల్చేస్తాడు. మా ఊళ్లో అది మర్యాద.

"తాతా, కొంపలంటుకున్నాయి! ఏం చేస్తున్నావ్?"

"లోపల వెలుతురు చాల్లేదు, అందుకే ఇటొచ్చాను. కదలకు, ఆ చెంప చూడనీ."

"నిన్న బాగానే ఉందిగా?"

"నిన్న నా కొట్లో బాగుంది. ఇవాళ గోడ మీద చూశాను. ఆ పదమూడు మంది తెల్లవాళ్ల పక్కన వాళ్ల చెల్లెలిలా ఒదిగిపోయావు. ఒళ్లు మండింది."

"అంత తెల్లగా ఎవరు వెయ్యమన్నారు?"

కుంచె ఆగింది. "మర్చిపోయావా తల్లీ? పన్నెండేళ్ల కిందట, మొదటి ఎన్నికల పోస్టరుకి. 'ఇంకాస్త తేల్చు తాతా, గెలవాలి కదా' అన్నావు. ఆ రోజు నుంచి నీ ముఖానికి అదే రంగు కలుపుతున్నాను."

మర్చిపోలేదు. ఆ పోస్టరు చూసి కొండవాడలో మా అత్త జుసారా, "ఈ పిల్లెవరే? మన వాల్దె నిలబడలేదా?" అని అడిగింది. ఓడిపోయాను. నాలుగేళ్ల తర్వాత పోస్టరు లేకుండా, ఎండలో ఇల్లిల్లూ తిరిగి గెలిచాను. కొండవాడకి కుళాయి నీళ్లొచ్చాయి, పడవరేవుకి మెట్లొచ్చాయి. నా ముఖం ఇంత నల్లగా ఉందని గుర్తుచేసినవాళ్లు చాలామంది. పని ఉన్న రోజున వాళ్లూ నా తలుపే తట్టారు. నీళ్ల గొట్టం వేస్తున్నప్పుడు ఏ ఇంటివాడి రంగూ నేను అడగలేదు. నా రంగు మాత్రం ఒకసారి దాచాను. ఒక్కసారే.

పదయింది. పోలీసు వచ్చేశాడు. తడి పటంతో హాల్లోకి అడుగుపెట్టిన తాత మోచెయ్యి పట్టేసుకున్నాడు.

"దొంగ దొరికాడు!" అని అరిచాడు జెనివాల్దు.

హాలంతా గోల. తాత చేతిలో పటం ఒరిగింది. నా ముక్కు మీది కొత్త ముదురు రంగు కొంచెం కిందికి జారింది. అయినా అది నా ముక్కే. చూస్తే మా అమ్మ గుర్తొచ్చింది. కడుపు నిండినట్టయింది.

మైకు అందుకున్నాను.

"తాతని వదలండి. పోయిన వస్తువు తెచ్చింది ఆయనే. ఈ ముఖాన్ని ఎత్తుకుపోయిన దొంగ వేరే ఉంది. పన్నెండేళ్లుగా మీ మధ్యే తిరుగుతోంది."

"ఎవరే అది?" ముందు వరసలోంచి అత్త జుసారా లేచి నిలబడింది. "పేరు చెప్పు, నా సంగతి చూపిస్తా!"

నవ్వొచ్చింది.

"వాల్దెలీసి," అన్నాను. "నీ మేనకోడలే, అత్తా."