లానీ మోకాలు

1957లో మా టెక్సాస్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడిపోయింది. మూడోదాంట్లో, నా గదిలోనే ఉండే లానీ కుబిచెక్ మోకాలికి దెబ్బ తగిలింది. అతను తనంతట తాను ఆట మానుకుంటే తప్ప, ఆడినందుకు కాలేజీ అతనికిచ్చే స్కాలర్‌షిప్ ఇంకో ఆటగాడికి ఇవ్వడానికి వీల్లేదు. కోచ్ స్ట్రిక్‌లాండ్ నన్ను పక్కకు పిలిచాడు.

"వాడు మానేదాకా రోజూ గుద్దు, వెర్న్. లేదంటే వాడి పక్కన బెంచీ మీద నువ్వూ ఆడకుండా కూర్చుంటావ్."

మర్నాటి నుంచి ప్రాక్టీసులో, కుంటుతున్న లానీని కోచ్ నాకెదురుగా నిలబెట్టేవాడు. నేను పరిగెత్తుకొచ్చి భుజంతో గుద్దేవాణ్ణి. లానీ పడేవాడు, మళ్లీ లేచేవాడు.

"ఇంతేనా? మా చెల్లెలు నీకంటే గట్టిగా కొడుతుందిరా!" అని నవ్వేవాడు.

అందరూ నన్ను చూసి నవ్వేవారు. తొమ్మిదో రోజు నేను వంగి, సరిగ్గా మోకాలి మీదే గుద్దాను. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. ఈసారి అతను లేవలేదు.

కోచ్ ఒక కాగితం తెచ్చి గడ్డిలోనే అతని ముందు పెట్టాడు. "మానేస్తున్నానని సంతకం పెట్టు. డాక్టర్ని పిలిపిస్తా."

లానీ నావైపు చూశాడు. "మోకాలి మీద కొట్టమని ఆయనే చెప్పాడా?"

"లేదు," అన్నాను.

అతను సంతకం పెట్టాడు.

ఆ శనివారం మేం గెలిచాం. జనమంతా నా పేరు అరిచారు. నాకు సంతోషంగానే ఉంది.