భ్రమరాంబ సొంత గొంతు

మా వదిన రాధారాణి టీవీలో పదిహేనేళ్ళ పైన విలన్‌గా బతికింది. ఒకే సీరియల్, ఒకే పాత్ర. భ్రమరాంబ పేరెత్తితే మా అమ్మ ఇప్పటికీ పళ్ళు నూరుతుంది. కళ్ళు పెద్దవి చేసి, మెడ కాస్త పక్కకి తిప్పి, "ఈ ఇంట్లో గడియారం కూడా నన్నడిగే తిరుగుతుంది" అనేది భ్రమరాంబ. ఆ మాట జనం ఫోన్లలో రింగ్‌టోన్ అయింది. ఒకసారి రైతుబజార్లో ఎవరో పెద్దావిడ వదిన వీపు మీద నిజంగానే ఒక్కటి వేసి, "కోడలు పిల్లని అంత ఏడిపిస్తావా?" అని అడిగిందట.

నిజానికి ఆ మాట పలికింది వదిన కాదు.

వదినది బొంగురు గొంతు. పుట్టి పెరిగింది హిందూపురంలో. షూటింగ్ మొదటి రోజు ఆమె నోరు తెరవగానే డైరెక్టర్ తల పట్టుకుని, "ముఖం మహారాణిది, గొంతు లారీ డ్రైవర్‌ది" అన్నాడట. ఆ సాయంత్రమే సుబ్బులు అనే డబ్బింగ్ ఆర్టిస్టుని పిలిపించారు. అప్పట్నుంచీ సెట్లో వదిన పెదవులు కదిపేది, స్టూడియోలో సుబ్బులు గారు పలికేది. బయట ఎక్కడా నోరు విప్పకూడదని ఛానల్ వాళ్ళు గట్టిగా చెప్పారు. సన్మాన సభల్లో వదిన నమస్కారం పెట్టి నవ్వేది. జనం మరీ గోల చేస్తే రికార్డు వేసేవాళ్ళు, ఈమె దానికి పెదవులు కలిపేది.

సీరియల్ ముగిసిన ఏడాదే, మా ఆయన శ్రీకాంత్ తన అక్క కోసం ఎప్పుడో అప్లై చేసిన గ్రీన్‌కార్డు వచ్చింది. వదిన పెళ్ళి చేసుకోలేదు. వెనక్కి లాగేవాళ్ళెవరూ లేరు. యాభై దాటిన వయసులో రెండు సూట్‌కేసులతో టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా ఇంటికి వచ్చింది.

ఇక్కడా గుళ్ళో, ఇండియన్ స్టోర్లో, ఎక్కడ కనపడినా సెల్ఫీలే. అయితే ఆ గుడికైనా స్టోర్‌కైనా మాలో ఎవరో ఒకరు తీసుకెళ్ళాలి. "అక్కా, ఈ ఊర్లో కారు నడపడం రాకపోతే కాళ్ళు లేనట్లే" అని శ్రీకాంత్ ఆమెను డ్రైవింగ్ స్కూల్లో చేర్పించాడు. నేర్పడానికి వచ్చినావిడ పేరు వాండా. అరవై ఏళ్ళుంటాయి. టెక్సస్‌లోనే పుట్టి పెరిగిన మనిషి.

మూడో క్లాసో నాలుగోదో, హైవే ఎక్కేచోట ఒక పికప్ ట్రక్కు వదిన నడుపుతున్న కారుకి అడ్డంగా దూసుకొచ్చింది. వదిన బ్రేకు తొక్కి, అద్దం దించి, హిందూపురం భాషలో ఆ డ్రైవర్ ఏడు తరాలనీ పలకరించింది. వాండాకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ కారు పక్కకి ఆపించి అడిగిందట.

"ఈ గొంతుని ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు?"

"దాచలేదు, దాపించారు" అంది వదిన. మిషన్ స్కూల్ చదువు పుణ్యమా అని ఇంగ్లీషు బాగానే వచ్చు ఆమెకి.

వాండా శనివారాలు మరో పని చేసేది. ఫ్రిస్కోకి ఉత్తరాన, పొలాలు మొదలయ్యే చోట ఒక చిన్న ఊళ్ళో, ఒకప్పుడు పశువుల దాణా అమ్మిన కొట్టుని పాటల హాలుగా మార్చారు. అక్కడ ఎవరైనా పేరిచ్చి కంట్రీ పాట పాడొచ్చు. ఆ కార్యక్రమం నడిపేది వాండానే. కంట్రీ పాట అంటే పెద్ద హంగామా ఉండదు. ఒక గిటారు, ఒక మనిషి, ఆ మనిషికి జరిగిన కథ. వదినని అక్కడికి రమ్మంది.

వదిన ఒక నెల పాటు యూట్యూబ్‌లో దొరికిన కంట్రీ పాటలన్నీ విన్నది. సెకండ్‌హ్యాండ్ గిటారు కొంది. శ్రీకాంత్ ఇంట్లోంచే పనిచేస్తాడు కాబట్టి, అతని మీటింగులకి అడ్డం రాకుండా గరాజ్‌లో కూర్చుని సాధన చేసేది. తీగలకి వేళ్ళ చివర్లు కోసుకుపోతే పసుపు అద్దుకుని మళ్ళీ మొదలుపెట్టేది. ఎండాకాలం టెక్సస్ గరాజ్ అంటే ఇటుక బట్టీయే. చెమటతో తడిసి లోపలికొచ్చి, "నమ్రతా, ఈ రోజు రెండు వేళ్ళు మాట విన్నాయి" అనేది.

మొదటిసారి హాలుకి నేను కూడా వెళ్ళాను. వదిన తలపాగా చుట్టినంత పెద్ద టోపీ పెట్టుకుంది. పికప్ ట్రక్కు గురించీ, విస్కీ గురించీ, వదిలి వెళ్ళిన ప్రియుడి గురించీ ఎవరిదో పాట పాడింది. నలుగురు మర్యాదకి చప్పట్లు కొట్టారు. కిందికి దిగాక వాండా నిలదీసింది.

"నీకు ట్రక్కు ఉందా?"

"లేదు."

"విస్కీ తాగుతావా?"

"వాసనే పడదు."

"మరి ఆ పాట ఎందుకు పాడావు?"

"ఈ పాటలు ఇలాగే ఉంటాయనుకున్నాను."

"ట్రక్కులో ఏడ్చినవాళ్ళు ట్రక్కు గురించి పాడతారు. నువ్వు ఎక్కడ ఏడ్చావో అది పాడు."

పక్క బల్ల దగ్గర ఒక భారీ మనిషి మా మాటలు వింటున్నాడు. పేరు డేల్. ఒకప్పుడు పేరున్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. మోకాళ్ళు పోయాక ఆట మానేసి పాటలు మొదలుపెట్టాడట. అంతకు ముందే అతను పాడగా విన్నాం. స్టేజీ ఎక్కుతుండగానే హాలంతా లేచి నిలబడింది. పాట సగంలో ఉండగా ఎవరో అతని పాత టచ్‌డౌన్ గుర్తు చేసి కేక వేశారు.

"చూశావుగా" అన్నాడతను వదినతో. "నేను నోరు తెరవక ముందే చప్పట్లు. పాట బాగుందో లేదో నాకు ఎప్పటికీ తెలియదు. నిన్ను ఇక్కడ ఎవరూ ఎరగరు. అదృష్టవంతురాలివి."

"నాకూ చప్పట్లు చాలానే వచ్చాయి" అంది వదిన. "అన్నీ ఇంకొకరి గొంతుకి."

డేల్‌కి అర్థం కాలేదు. వదిన తన కథంతా చెప్పింది. అతను గ్లాసు పక్కన పెట్టి విన్నాడు. చివరికి, "ఆవిడని ఎప్పుడైనా కలిశావా?" అని అడిగాడు.

"ఒక్కసారి" అంది వదిన.

అన్నేళ్ళలో ఒక్కసారే. స్టూడియో వరండాలో ఎవరో ఎదురుపడి, "భోంచేశారా అమ్మా?" అని అడిగారట. టీవీలో రోజూ తన నోట్లోంచి వచ్చే గొంతు అది. తన గొంతే తనను భోంచేశావా అని అడిగినట్టయి, మేకప్ రూమ్‌లోకి వెళ్ళి కూర్చుని ఏడ్చిందట. నాకూ ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

ఆ వారం వదిన టోపీ తీసి గరాజ్ షెల్ఫ్ మీద పడేసి, పాట రాయడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు పాట. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

నా ముఖం ఇంటింటికీ తెలుసు,
నా మాట మాత్రం ఆమెది.
ఒక మధ్యాహ్నం వరండాలో
నా గొంతే ఎదురొచ్చి అడిగింది...

ఆ తర్వాతి లైను మాత్రం తెలుగులోనే ఉంచింది: "భోంచేశారా అమ్మా?"

తర్వాతి శనివారాల్లో ఆ పాట పాడుతుంటే, బూట్లకి మట్టితో పొలాల నుంచి నేరుగా వచ్చిన మనుషులు కూడా కదలకుండా కూర్చున్నారు. తెలుగు మాట దగ్గర ఎవరూ అర్థం అడగలేదు. ఏ గొంతుని దాచిపెట్టమన్నారో, ఆ గొంతులోని గరుకే అక్కడ వాళ్ళకి నచ్చింది. ఎండిన నేల మీద వాన పడ్డట్టు ఉంటుంది ఈమె పాట అన్నాడు ఒక రైతు.

శ్రీకాంత్‌కి మాత్రం ఇదంతా మింగుడు పడలేదు. "అక్కా, మన వాళ్ళంతా నిన్ను ఎంత పెద్దగా చూస్తాండారు! బీరు అమ్మే చోట పాడితే ఏమనుకుంటారు?" అన్నాడు.

"వాళ్ళు చూసేది భ్రమరాంబని కదప్పా" అంది వదిన. అంతకు మించి వాదించలేదు.

దీపావళి దగ్గరపడింది. మా తెలుగు సంఘం ప్రెసిడెంట్ కొండల్ రావు గారు ఇంటికొచ్చి, "మేడమ్, ఈసారి ప్రోగ్రామ్‌కి మీరే హైలైట్. ఆ గడియారం డైలాగ్ ఒక్కటి చాలు. ఆడియో క్లిప్ మా దగ్గర రెడీగా ఉంది, మీరు జస్ట్ లిప్ మూవ్‌మెంట్ ఇస్తే అయిపాయె" అన్నారు. వదిన సరేనంది. గిటారు కూడా తెచ్చుకోవచ్చా అని అడిగింది. "ష్యూర్ మేడమ్, ఏదైనా సాంగ్ ఉంటే లాస్ట్‌లో పాడుదురు" అన్నారాయన సంతోషంగా.

ఆ రోజు హైస్కూల్ ఆడిటోరియం కిక్కిరిసింది. పిల్లల డాన్సులయ్యాక వదిన పేరు పిలిచారు. పట్టుచీరలో నడిచి వెళ్ళి మధ్యలో నిలబడింది. లైట్లు తగ్గాయి. స్పీకర్లలోంచి సుబ్బులు గారి గొంతు గంభీరంగా మోగింది.

"ఈ ఇంట్లో గడియారం కూడా నన్నడిగే తిరుగుతుంది!"

వదిన పెదవులు కదల్లేదు.

గొంతు హాలంతా తిరుగుతోంది, వదిన నోరు మూసుకుని నిలబడే ఉంది. కొండల్ రావు గారు పక్కనుంచి సైగ చేశారు. క్లిప్పులో ఏదో తేడా వచ్చిందనుకుని కుర్రాళ్ళు మళ్ళీ వేశారు. మళ్ళీ అదే గొంతు, అదే మూసిన నోరు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. నా పక్కన శ్రీకాంత్ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

వదిన మైకు అందుకుంది.

"అందరికీ నమస్కారం. మీరిప్పుడు విన్న గొంతు నాది కాదు. ఆ గొంతు సుబ్బులు గారిది. భ్రమరాంబలో సగం ఆవిడ. ఇన్నేళ్ళూ ఆవిడ పేరు ఏ స్టేజీ మీదా చెప్పనివ్వలేదు. ఇదీ నా గొంతు. ఈ గొంతుతో మీ ముందు నిలబడటం నాకిదే మొదటిసారి."

వెనక వరసలో కుర్రాళ్ళు పకపకా నవ్వారు. "మేడమ్, డైలాగ్! డైలాగ్!" అని ఎవరో అరిచారు. వదిన కుర్చీ లాక్కుని కూర్చుని, గిటారు ఒళ్ళో పెట్టుకుని పాట ఎత్తుకుంది. మొదటి లైనులో వణికింది. రెండో లైనుకి కుదురుకుంది. కొందరు డిన్నర్ లైన్ కోసం లేచి వెళ్ళిపోయారు. ఆమె వాళ్ళ వైపు చూడలేదు. "భోంచేశారా అమ్మా" దగ్గరికి వచ్చేసరికి, ఉన్నవాళ్ళలో చప్పుడు లేదు. మా ముందు వరసలో ఒక పెద్దావిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. పాట అయ్యాక చప్పట్లు కొట్టినవాళ్ళు కొట్టారు, కొట్టనివాళ్ళు కొట్టలేదు. కానీ కొట్టిన చప్పట్లన్నీ ఆమెవే.

కొండల్ రావు గారు ముఖం మాడ్చుకుని వచ్చారు. "ఒక్క మాట ముందే చెప్తే బాగుండేది కదా మేడమ్?"

"చెప్తే ఒప్పుకునేవాళ్ళా?"

ఆయన ఆలోచించి, "లేదు లెండి" అని, తనే నవ్వేశారు.

కారులో తిరిగి బయల్దేరాం. ఇంటి సందు తిరిగాక శ్రీకాంత్ అన్నాడు: "అక్కా, ఒక సంగతి చెప్పనా? నీ సీరియల్ నేను ఎప్పుడూ సౌండ్ తీసేసే చూస్తాంటి. నీ నోట్లోంచి వేరేవాళ్ళ మాట వస్తే నాకు చూడబుద్ధి అయ్యేది కాదు."

వదిన వెనక సీట్లోంచి చెయ్యి చాపి తమ్ముడి తల నిమిరింది.

ఆ వీడియో ఫోన్ల మీదుగా హైదరాబాదు చేరింది. రెండు రోజులకి వదినకి ఫోనొచ్చింది. స్పీకర్‌లో ఆ గొంతు వినపడగానే నాకు భ్రమరాంబ వంటింట్లోకి వచ్చినట్టే అనిపించింది.

"అమ్మా, నేను సుబ్బుల్ని. నా పేరు చెప్పారంట కదా. పొద్దున్నించీ మా అపార్ట్‌మెంట్ వాళ్ళంతా వచ్చి డైలాగ్ చెప్పమంటున్నారు. ఇన్నేళ్ళూ వీళ్ళ ముందే మెట్లెక్కి దిగాను, ఒక్కళ్ళకీ తెలీదు." ఆవిడ నవ్వింది. తర్వాత, "ఏమనుకోకపోతే ఒక మాట. 'భోంచేశారా' అన్నచోట ఊపిరి అయిపోతోంది మీకు. ముందు లైను చివర్లోనే తీసుకోండి" అంది.

"ఇన్నాళ్ళూ మీ ఊపిరి మీద బతికాను, నాకెలా తెలుస్తుంది?" అంది వదిన. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. ఆ తర్వాత కొత్త పాటలన్నీ ముందు సుబ్బులు గారికే వినిపించేది.

వదిన పెద్ద స్టార్ ఏమీ కాలేదు. కంట్రీ పాటలకి రాజధాని అనే నాష్‌విల్ నుంచి ఎవరూ పిలవలేదు. వాండా మాత్రం నెలకో శనివారం ఆమెకి అరగంట సొంతంగా ఇచ్చింది. వసంతంలో ఓక్లహోమాలో మన జిల్లా లాంటి ఒక కౌంటీ జాతరకి డేల్‌నీ, ఆమెనీ కలిపి రమ్మన్నారు. అప్పటికి లైసెన్స్ వచ్చింది కాబట్టి వదినే డ్రైవ్ చేసింది. నేను పులిహోర డబ్బాలతో పక్కన కూర్చున్నాను.

పశువుల పోటీలు జరిగే కొట్టం పక్కనే స్టేజీ. డేల్ తన మోకాళ్ళ గురించి రాసిన కొత్త పాట పాడాడు. ఈసారి ఎవరూ టచ్‌డౌన్ అని అరవలేదు. పాట అయ్యాకే చప్పట్లు మోగాయి. అతను మైకు ముందు అలాగే నిలబడిపోయాడు, చిన్నపిల్లాడిలా నవ్వుతూ.

తర్వాత వదిన పాడింది. దిగి వస్తుంటే జీన్స్ వేసుకున్న ఒక ముసలావిడ, ఆవుకి కట్టిన తాడు చేత్తో పట్టుకునే వచ్చి అడిగింది.

"నీ పాటలో ఆ రెండో ఆవిడ ఉందే, ఇంకా బతికుందా?"

"ఉంది. వారంవారం ఫోన్ చేసి నా తప్పులు చెప్తుంది."

"అయితే ఆవిడ మీద ఇంకో పాట రాయి. ఇందులో ఆవిడ ఒక్క మాటే అన్నది, సరిపోలేదు."

వదిన గిటారు పెట్టె మూస్తూ, "నిజమే కదా నమ్రతా" అంది. తిరుగు ప్రయాణంలో నన్ను డ్రైవ్ చేయమని, తను పక్క సీట్లో కూర్చుని సుబ్బులు గారికి ఫోన్ కలిపింది.