తడి వైపు

ఆ లాండ్రీలో అందరూ ఆమెని బొంగరం అనేవారు. పొట్టి మనిషి, ఒక్కచోట నిలబడదు, కబుర్లు చెబుతూనే పక్కవాళ్ళ కంటే ముందు తన పని ముగించేస్తుంది. హోటళ్ళ దుప్పట్లూ తువాళ్ళూ అన్నీ అక్కడికే ఉతకడానికి వచ్చేవి. షెడ్డుకి ఒక చివర ఉతికే యంత్రాలు. వాటిలోంచి తడి బరువుతో ముద్దలు కట్టిన దుప్పట్లని లాగి, తోపుడు బండిలో వేసి, ఇస్త్రీ రోలర్ దాకా తేవడం తడి వైపు పని. రెండో చివర ఇస్త్రీ అయి వేడివేడిగా వచ్చిన వాటిని బల్ల ముందు కూర్చుని మడత పెట్టడం పొడి వైపు పని. తడి వైపు చేసినవాళ్ళకి సాయంత్రానికి నడుము తమది కాదు.

అక్కడి సూపర్‌వైజర్‌ని అందరూ వదినా అనేవారు. నిజానికి ఆమె ఎవరికీ వదిన కాదు. బొంగరం సరదాకి మొదలుపెట్టిన పిలుపు అందరికీ అంటుకుంది. ఇద్దరూ ఒకేసారి పనిలో చేరినవాళ్ళు. అత్తల గురించీ మొగుళ్ళ గురించీ ఒకరికొకరు చెప్పుకోనిది లేదు. వదినకి సూపర్‌వైజర్ పని ఇచ్చిన రోజు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది బొంగరమే.

అందుకే మళ్ళీ నెల తప్పినప్పుడు, మొగుడి తర్వాత ఆమె చెప్పింది వదినకే. మొగుడు లారీ మెకానిక్. ఇద్దరు పిల్లలున్నారు, చిన్నదానికి ఇప్పుడిప్పుడే మాటలొస్తున్నాయి. మొగుడూ పెళ్ళాం కూర్చుని మాట్లాడుకున్నారు, ఇంకొకరు వద్దనుకున్నారు. అందులో ఏడుపులూ తగువులూ ఏమీ లేవు. పొద్దున ఆసుపత్రికి వెళితే సాయంత్రానికి ఇంటికొచ్చేయవచ్చనీ, కొన్నాళ్ళు మాత్రం బరువులెత్తకూడదనీ డాక్టరమ్మ చెప్పింది.

"ఎక్కువ సెలవివ్వలేనే," అంది వదిన. "పెద్ద హోటల్ పని కొత్తగా వచ్చింది, మనుషులు చాలట్లేదు. రెండు రోజులుండి వచ్చెయ్. బల్ల దగ్గర కూర్చోబెడతాను. నీ చేత తువాలు కూడా మొయ్యనివ్వను."

"ఎవరికీ చెప్పకు వదినా."

"పిచ్చిదానా, నేను చెబుతానా?"

బొంగరం తిరిగి పనికొచ్చిన పొద్దున, బట్టలు మార్చుకునే గదిలో అడుగుపెట్టగానే మాటలు టక్కున ఆగిపోయాయి. "ఒంట్లో ఎలా ఉంది?" అని ఒకావిడ సాగదీస్తూ అడిగింది. ఇంకొకావిడ బెంచీ మీద తన సంచీని దగ్గరికి లాక్కుంది. బొంగరానికి విషయం అర్థమైపోయింది. వదిన నోరు జారింది.

బల్ల దగ్గరికి వెళ్ళబోతుంటే వదిన అడ్డం వచ్చింది. "ఈ ఒక్కరోజూ తడి వైపు చూడవే. అక్కడి మనిషి రాలేదు."

మొహమాటానికి పోయి సరేనంది. మధ్యాహ్నానికి పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి మొదలైంది. వెళ్ళి చూసుకుంటే నెత్తురు ఎక్కువైంది. గోడ పట్టుకుని వదిన దగ్గరికి వచ్చింది. పక్కన మేనేజర్ నిలబడి ఉన్నాడు, కొత్త హోటల్ పని ఆలస్యమవుతోందని చిరాగ్గా.

"వదినా, నా వల్ల కావట్లేదు. కాసేపు కూర్చుంటాను."

వదిన ఒకసారి మేనేజర్ ముఖం చూసింది. ఆ తర్వాత షెడ్డంతా వినబడేలా అంది. "కడుపు తీయించుకోవడం నీ సొంత గొడవ. దానికి నీ పని మేమంతా పంచుకోవాలా? చెయ్యగలిగితే చెయ్. లేదంటే రేపటి నుంచి రాకు."

యంత్రాలు తిరుగుతూనే ఉన్నాయి. మనుషులే ఆగిపోయారు. బొంగరానికి తల కొట్టేసినట్టయింది. వెనక్కి వెళ్ళి, సాయంత్రం గంట కొట్టేదాకా దుప్పట్లు లాగింది. లాగిన ప్రతి దుప్పటినీ వదిన జుట్టే అనుకుని లాగింది.

ఇంటికొచ్చి చెబితే మొగుడు చొక్కా వేసుకోబోయాడు. "పద, ఇప్పుడే వెళ్ళి దాని సంగతి తేలుస్తాను."

"నువ్వు కూర్చో. ఈ పగ నాది. ఇందులో నీకు వాటా లేదు."

ఆమె దగ్గర ఆయుధం ఉంది. కొన్నేళ్ళ కిందట వదిన కూడా ఇలాగే తీయించుకుంది. ఇంకో మనవణ్ణి ఎత్తుకోవాలని అత్తగారు ఉబలాటపడుతున్న రోజులవి. వదిన మొగుడికి కూడా తెలియకుండా ఆమెని ఆసుపత్రికి తీసుకెళ్ళింది బొంగరమే. వదినకి కామెర్లని ఇంట్లోనూ పనిలోనూ నమ్మించి, ఆమె కోలుకునేదాకా ఆమె వంతు పని కూడా తనే చేసింది. ఇన్నేళ్ళలో ఆ మాట తన మొగుడి దగ్గర కూడా అనలేదు.

సెలవు రోజు శుభ్రంగా తల దువ్వుకుని వదిన ఇంటికి వెళ్ళింది. ముందు గదిలో అత్తగారు బొత్తాలు కుట్టుకుంటోంది. వదిన మొగుడు పేపరు చదువుతున్నాడు. వదిన మేడ మీద బట్టలు ఆరేస్తోంది.

"రా అమ్మా, నల్లపూసవైపోయావు," అని అత్తగారు లేచి టీ తెచ్చి ముందు పెట్టింది.

"ఒంట్లో బాగాలేదు అత్తయ్యగారూ. చిన్న ఆపరేషన్ అయింది."

"అయ్యో! ఏం ఆపరేషన్?"

అప్పుడే వదిన ఖాళీ బకెట్టుతో కిందికి దిగింది. గుమ్మంలోనే నిలబడిపోయింది.

"వదినని అడగండి. షెడ్డులో అందరికీ చెప్పింది తనే కదా," అని బొంగరం తీరిగ్గా టీ కప్పు అందుకుంది. "అన్నట్టు, అప్పుడెప్పుడో వదినకి కామెర్లొచ్చాయి. మళ్ళీ రాలేదు కదా?"

"రాలేదమ్మా. అప్పుడు పథ్యమని ఎన్నాళ్ళు ఉప్పు లేకుండా వండిపెట్టానో!"

"ఏ డాక్టర్ చూశారు అన్నయ్యగారూ?"

పేపరు దించకుండానే ఆయన నవ్వాడు. "నన్నడుగుతావేంటమ్మా? తీసుకెళ్ళింది నువ్వే కదా."

"అవునవును, నేనే. నాకన్నీ గుర్తున్నాయి."

వదిన ముఖాన నెత్తురు చుక్క లేదు. బొంగరం ఆ ముఖం చూస్తూ గుక్క గుక్కా టీ తాగింది. అయిపోయాక ఇంకో కప్పు అడిగింది. కావాలనే ఆ మాటా ఈ మాటా చెబుతూ కూర్చుంది.

వీధి గేటు దాకా వదిన వెంట వచ్చింది. "నీ కాళ్ళు పట్టుకుంటానే. వాళ్ళకి చెప్పకు."

"కాళ్ళు పట్టుకుని ఏం చేస్తావ్? దుప్పట్లు పట్టుకో. రేపటి నుంచి తడి వైపు నువ్వు, బల్ల దగ్గర నేను. మేనేజర్ అడిగితే మనుషులు చాలట్లేదని చెప్పు. నాకు చెప్పింది అదే కదా."

మర్నాడు సూపర్‌వైజర్ తడి దుప్పట్లు లాగుతుంటే షెడ్డంతా నోళ్ళు వెళ్ళబెట్టి చూసింది. ఎవరడిగినా మనుషులు చాలట్లేదని చెప్పింది వదిన. "మేడమ్, ఇక్కడ బల్ల ఖాళీగా ఉంది, కాస్త కానివ్వండి!" అని బొంగరం అరిచినప్పుడల్లా తల దించుకుని బండి తోసింది. అరచేతులు బొబ్బలెక్కాయి. చీర కుచ్చిళ్ళ నుంచి నీళ్ళు కారేవి. అది చూస్తే బొంగరానికి ప్రాణం లేచొచ్చేది. నొప్పి తగ్గింది, నెత్తురు ఆగింది, ఆకలి కూడా మునుపటిలా వేస్తోంది. అయినా ఆమె వదినని వదల్లేదు.

"పగ నీకు బాగానే ఒంటికి పట్టింది," అన్నాడు మొగుడు ఒకరోజు. హాస్యానికే అన్నా, అతని ముఖంలో నవ్వు లేదు.

"ఇంకెన్నాళ్ళే?" అని వదిన ఒకసారి బండి పక్కన ఆగి అడిగింది.

"నాకు తృప్తి కలిగేదాకా."

ఆ తృప్తి ఎప్పుడు కలుగుతుందో బొంగరానికే తెలియదు.

ఒకరోజు వదిన తడి వైపు వెళ్ళలేదు. భోజనానికి యంత్రాలు ఆపాక, అందరి మధ్యకీ వచ్చి నిలబడింది. మేనేజర్ కూడా అక్కడే ఉన్నాడు.

"అప్పట్లో నాకొచ్చింది కామెర్లు కాదు. నేనూ కడుపు తీయించుకున్నాను. ఈ బొంగరమే నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నా పని చేసింది. ఎవరికీ చెప్పలేదు. దానికి బదులుగా నేను చేసింది మీరంతా చూశారు. తప్పు నాది."

వదిన బొంగరం వైపు తిరిగింది. "నిన్న అత్తయ్యకీ ఆయనకీ చెప్పేశాను. ఆయన ఇంకా మాట్లాడట్లేదు. అత్తయ్య మాత్రం, 'కామెర్లొస్తే కళ్ళు పచ్చబడతాయే, నీకు ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డాయి. నాకు అప్పుడే తెలుసు' అంది. మరి ఉప్పు లేకుండా ఎందుకు పెట్టారని అడిగాను. 'నాతో ఒక్క మాట చెప్పలేదని ఒళ్ళు మండి' అంది."

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. సంచీ లాక్కున్నావిడ కూడా నవ్వింది. బొంగరానికి నవ్వు రాలేదు. ఇన్నాళ్ళూ గుప్పిట్లో బిగించి పట్టుకున్నదాన్ని ఎవరో లాగేసుకున్నట్టనిపించింది.

"నన్ను క్షమించవే," అంది వదిన.

"చెప్పావు. విన్నాను," అని బొంగరం బల్ల మీది దుప్పట్లు సర్దుకుంది.

ఆ తర్వాత ఏ ఆపరేషన్ చేయించుకుని వచ్చినవాళ్ళయినా, ఇక లేవగలనని తమ నోటితో చెప్పేదాకా బల్ల దగ్గరే కూర్చోవచ్చని వదిన నియమం పెట్టింది. మేనేజర్ గొణిగినా లెక్కచెయ్యలేదు. బొంగరం మాత్రం ఆ మర్నాడే లేచి, ఎవరూ చెప్పకుండానే, తడి వైపుకి వెళ్ళిపోయింది. వదిన దయతో కూర్చోవడం ఆమెకి ఇష్టం లేదు.

కొన్ని నెలలకి, అపెండిక్స్ ఆపరేషన్ అయిన ఒక అమ్మాయి వచ్చి ఆ బల్ల ముందు హాయిగా కూర్చోవడం చూసి, ఇంటికొచ్చాక మొగుడికి చెప్పింది.

"మంచి పనే చేసింది కదా ఆవిడ," అన్నాడు మొగుడు. "ఇంకా కోపం పోలేదా?"

"మంచి పనే చేసింది, కాదన్నానా?" అంది బొంగరం, చిన్నదాని నోట్లో ముద్ద పెడుతూ. "కోపం పోలేదు. పోవాలని నాకు లేదు."