గొల్లపల్లె క్రాసులో ఆగిన బస్సు

వికలాంగుల సంవత్సరమని ప్రభుత్వం వాళ్లు గోడల నిండా రాయించారు, ఊరేగింపులు తీయించారు, చిత్తూరులో మీటింగు పెట్టి పంకజాక్షి మెడలో ఒక బంతిపూల దండ కూడా వేయించారు. సంవత్సరం అయిపోయింది. వికలాంగులు మాత్రం అయిపోలేదు. ఆ సంగతి పెద్దలకు గుర్తు చేసే పని పంకజాక్షి నెత్తిన పడింది, ఎందుకంటే బస్సుల్లో వికలాంగుల ఇబ్బందులు చెప్పడానికని ఆ ఏడాది పెట్టిన సలహా సంఘానికి ఆమే కార్యదర్శి.

ఆమెకు ముప్పై దాటాయి. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడిపోయింది. చంకలో కర్ర లేనిదే అడుగు పడదు. గొల్లపల్లె క్రాసులో పొద్దున బస్సెక్కి, చిత్తూరు కోర్టు దగ్గర ఒక ప్లీడరు ఆఫీసులో టైపు కొట్టి, సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. బస్సెక్కడమనేది మాటవరసకే. ఎక్కిన రోజుల కంటే ఎక్కలేక నిలబడిపోయిన రోజులే ఎక్కువ. ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరే మనిషిని పెట్టుకుంటానని ప్లీడరు మొన్ననే మొహమాటం లేకుండా చెప్పేశాడు.

అసలు చిక్కు బస్సులో లేదు, అది ఆగే చోట ఉంది. ఆ తావుల్లో బస్సు వస్తోందంటే మగవాళ్లు భుజం మీది టవలు తీసి చేత్తో పట్టుకుంటారు. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీదికి విసురుతారు. టవలు పడిందా, ఆ సీటు వాడిది. అన్నదమ్ములు ఆస్తి కోసం కోర్టుకెక్కుతారు గానీ, టవలు పడిన సీటు గురించి ఎవడూ నోరెత్తడు. దిగేవాళ్లను దిగనివ్వకుండా ఎక్కేవాళ్లు తలుపుకు అడ్డం పడతారు. ఆ రభస పడలేక డ్రైవర్లు ఒక ఉపాయం కనిపెట్టారు. స్టాపు దాటించి, అల్లంత దూరం తీసుకుపోయి ఆపుతారు. దిగేవాళ్లు దిగుతారు, పరిగెత్తగలిగినవాళ్లు పరిగెత్తి ఎక్కుతారు. పంకజాక్షి కర్ర ఊనుకుంటూ సగం దూరం పోయేసరికి కండక్టరు రైట్ చెప్పేస్తాడు.

అందుకే ఆమె సంఘం అడిగింది ఒకే ఒక్కటి. స్టాపులోనే బస్సు ఆగాలి, పరిగెత్తలేనివాళ్లు ముందు ఎక్కాలి. దండలు పడుతున్న రోజుల్లో అందరూ సరేనన్నారు. ఆ సరే అమలులోకి రాకముందే పైనుంచి ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఊళ్లో ప్రయాణికుల సలహా సంఘం ఒకటుంది గనుక, వికలాంగుల సంఘాన్ని తీసుకుపోయి అందులో కలిపేయాలట. కలవకపోతే రద్దు.

ప్రయాణికుల సంఘానికి అధ్యక్షుడు గోవిందస్వామి నాయుడు. మామిడికాయల మండీ యజమాని. మనిషి మంచివాడే, గొంతే కాస్త పెద్దది. గొల్లపల్లె క్రాసు పక్కన ఆయనకు తోట ఉంది. తిరుపతికి ఇంకో రెండు సర్వీసులు వేయాలని, కాయల కాలంలో బస్సు టాపు మీద గంపలు పెట్టనివ్వాలని మీటింగు మీటింగుకూ అడిగేవాడు. కలిపే మాట మాట్లాడుకోవడానికి, ఒప్పందం కాయితం మీద సంతకాలు పెట్టించడానికి డిపో మేనేజరు దేవనాథన్ అందరినీ తన గదికి పిలిపించాడు.

"ఒగటైతే బలం గదా పాపా!" అన్నాడు నాయుడు. "పాలూ నీళ్లూ మాదిరి కలిసిపోదాం."

"కలిసినాక దాన్ని పాలనే అంటారన్నా. నీళ్లని ఎవురూ అనరు" అంది పంకజాక్షి.

గదిలో నవ్వులు లేచాయి. ఆమె నవ్వలేదు.

"మీరు గంపెడు మంది. మేము గుప్పెడు మందిమి. దేనికైనా చేతులెత్తమంటే మా చేతులు యాడ కనపడతాయి? మా మునెయ్యన్నకు ఉండేదే ఒగ చెయ్యి."

మునెయ్య ఆమె పక్కనే కూర్చున్నాడు. చెరుకు గానుగలో కుడిచెయ్యి పోగొట్టుకున్నవాడు, సంఘంలో ఆమె తరవాత ఆయనే పెద్ద. అందరికంటే ముందు ఆయనే నవ్వేశాడు. ఆ నవ్వు చూసి మిగతావాళ్ల నవ్వు ఆగిపోయింది.

"మాకు కుర్చీలొద్దు, దండలొద్దు" అంది పంకజాక్షి. "స్టాపులో బస్సు ఆగాల. మేము ముందెక్కాల. అది జరిగినాక ఆ కాయితం మీద సంతకం పెడతా."

దేవనాథన్ తిరుపతి నుంచి బదిలీ మీద వచ్చినవాడు, నిదానస్తుడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చూడండమ్మా, స్టాపులో ఆపమని డ్రైవర్లకు నేను చెప్పగలను. ఆపిన తరవాత ఆ టవళ్ల గొడవ ఎవరు ఆపుతారు? నాయుడుగారూ, మీ ప్రయాణికులే కదా వాళ్లు?"

"టవలేసేది ఎవురో పనీపాటా లేనోళ్లు సార్. మా సంఘంలో అట్లాంటోళ్లు లేరు" అన్నాడు నాయుడు. "సోమవారం పొద్దన్నే నేనే వచ్చి నిలబడతా. ఎవుడు ముందుకొస్తాడో సూస్తా."

"మాట మీద ఉంటావా అన్నా?"

"గోవిందస్వామి మాటంటే మాటే పాపా."

తిరిగి వస్తుంటే మునెయ్య మెల్లగా అన్నాడు. "ఎందుకమ్మయ్యా పంతం? సంతకం పెట్టేస్తే ఓ మూలనన్నా కూర్చోనిస్తారు. లేకుంటే ఉండేది గూడా పోతాది."

"ఉండేది ఏముందన్నా పోయేదానికి?"

పైకి అలా అన్నది గానీ, ఆమెకు లోపల భయంగానే ఉంది. సంతకం పెడితే ఆ సంఘంలో తమ మాట సముద్రంలో కాకిరెట్ట. పెట్టకపోతే అసలు సంఘమే లేదు. ఈ రెంటి మధ్యా సోమవారం ఒక్కటే ఉంది.

సోమవారమంటే కోర్టు వాయిదాల వాళ్లు, ఆస్పత్రికి పోయేవాళ్లు, సంతకు పోయేవాళ్లు, గొల్లపల్లె క్రాసు తిరునాళ్లలా ఉంటుంది. గోవిందస్వామి నాయుడు మాట తప్పలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో ఆ ఒప్పందం కాయితం పెట్టుకుని, భుజం మీద కొత్త టవలు వేసుకుని అందరికంటే ముందు నిలబడ్డాడు. "ఎవురూ తోసుకోగూడదు! బస్సు ఈడనే ఆగతాది. ముందు ఆ పాపా, మునెయ్యా ఎక్కతారు. ఆనెంక మనం" అని చేతులు చాచి మరీ చెప్పాడు. అధ్యక్షుడంతటివాడు చెప్పాడని జనం కూడా ఒద్దికగా నిలబడ్డారు. పంకజాక్షి కర్ర సర్దుకుని ముందుకొచ్చింది. 

బస్సొచ్చింది. మేనేజరు చెప్పిన ప్రకారం డ్రైవరు వేగం తగ్గించి, సరిగ్గా స్టాపు ముందరే బ్రేకు వేశాడు. ఎన్నేళ్లకో అలా ఆగింది. కిటికీ వచ్చి నాయుడి మొహానికి ఎదురుగా నిలిచింది. లోపల ఖాళీ సీటు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నాయుడి చెయ్యి నాయుణ్ని అడగలేదు. భుజం మీది టవలు రివ్వున పోయి సీటు మీద పడింది.

అధ్యక్షుడి టవలే పడ్డాక ఇక ఆగేదెవరు? అన్ని కిటికీల్లోంచీ టవళ్లు పడ్డాయి. జనం మీద జనం పడి తలుపు దగ్గర మూగారు. ఎవరిదో మోచెయ్యి తగిలి పంకజాక్షి కర్ర ఎగిరిపోయింది. ఆమె మునెయ్య భుజం పట్టుకుని పడకుండా నిలదొక్కుకుంది. డ్రైవరు అద్దంలో ఈ రభస చూసి, ఇదెప్పుడూ ఉండేదేలే అనుకుని బస్సును ముందుకు పోనిచ్చాడు. జనం దాని వెంట పరిగెత్తారు. నాయుడు కూడా పరిగెత్తాడు.

మునెయ్య కర్ర తెచ్చి ఇచ్చాడు. బస్సు అల్లంత దూరాన ఆగింది. ఈసారి కండక్టరు రైట్ చెప్పలేదు. ఫుట్‌బోర్డు మీద నిలబడి చెయ్యి ఊపాడు. "రామ్మా, నీకోసరమే ఆపినాం. బిరీన రా!"

"పోదాం పా అమ్మయ్యా, ఆపినారు గదా" అన్నాడు మునెయ్య.

పంకజాక్షి కదల్లేదు. ఆ బస్సు తప్పితే ప్లీడరు ఆఫీసుకు ఆలస్యం. ఆలస్యమైతే ఉద్యోగం పోతుంది. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ టైపుమిషను మీదే. ఇదంతా ఆమెకు తెలుసు. కానీ ఇప్పుడు కుంటుకుంటూ అక్కడికి పోయిందా, జీవితాంతం అలా పోవలసిందే. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది.

"నేను రాను!" అని అరిచింది. "స్టాపు ఈడుండాది. బస్సే ఈడికి రావాల!"

బస్సులో గోల మొదలైంది. వాయిదా పోతుందని ఒకరు, ఆడదానికింత మొండితనమా అని ఇంకొకరు. "పోనీబ్బా, రానోళ్లను ఎత్తుకపోతామా?" అన్నాడు వెనక సీటాయన. ఆమె కర్రను మట్టిలో ఇంకాస్త గట్టిగా ఊనింది. మునెయ్య ఆమెనూ బస్సునూ మార్చి మార్చి చూసి, చివరికి వచ్చి ఆమె పక్కనే నిలబడ్డాడు.

గోవిందస్వామి నాయుడు కిటికీ సీటులో కూర్చుని ఉన్నాడు. కూర్చున్న తరవాత గానీ తాను చేసిందేమిటో ఆయనకు తెలిసిరాలేదు. కింద తన టవలే ఉంది. తల బయటపెట్టి వెనక్కి చూస్తే, ఖాళీ అయిన స్టాపులో వాళ్లిద్దరే నిలబడి ఉన్నారు.  లేచాడు, దిగాడు, స్టాపు దాకా నడిచి వచ్చాడు.

"తప్పయిపోయింది పాపా. చెయ్యి మాట వినలేదు."

"తప్పు నాకు సెప్పి ఏంజేస్తావన్నా? బస్సుకు సెప్పు."

 నాయుడు గిర్రున తిరిగి బస్సు దగ్గరికి పోయాడు. "ఈ క్రాసులో ఎక్కినోళ్లంతా దిగండప్పా! నేను దిగినా గదా, మీరూ దిగండి!" మండీలో వేలం పాడే గొంతు అది, దాని ముందు ఎవరూ ఎక్కువసేపు నిలవలేరు. సణుక్కుంటూ, తిట్టుకుంటూ ఒక్కొక్కరే దిగారు. తరవాత ఆయన బస్సు వెనక్కి వెళ్లి, దాని వీపు మీద అరచేత్తో తడుతూ "రానీ, రానీ, ఇంగా రానీ" అని వెనక్కి నడిపించాడు. అంత పెద్ద బస్సు మెల్లమెల్లగా వెనక్కి వచ్చి పంకజాక్షి ముందు ఆగింది.

ఎవరూ కదల్లేదు. కండక్టరు అలవాటు కొద్దీ ఆమె రెక్క పట్టి లాగబోయాడు.

"వద్దప్పా. నేనే ఎక్కుతా."

కర్ర ముందు పెట్టింది. కడ్డీ పట్టుకుంది. మెట్టు ఎత్తు, ఆయాసం వచ్చింది, కాసేపు ఆగింది. ఆగినా ఎవరూ తొందర పెట్టలేదు. పుట్టిబుద్ధెరిగాక ఒక బస్సును తనకు చేతనైనంత నిదానంగా ఎక్కడం ఆమెకు అదే మొదలు. ఆ సంతోషం మొహంలో దాచుకోవాలని చూసింది గానీ దాగలేదు. ఆమె వెనక మునెయ్య ఒంటిచేత్తో కడ్డీ పట్టుకుని ఎక్కాడు. అందరూ ఎక్కాక చివరికి నాయుడు ఎక్కాడు. ఆయనకు సీటు దొరకలేదు.

"ఆ కాయితం ఇట్లా తే అన్నా" అంది పంకజాక్షి నాయుడితో. ఒళ్లో పెట్టుకుని, బస్సు కదలకముందే సంతకం చేసేసింది.

డ్రైవరు సీట్లోంచి వెనక్కి తిరిగి చూశాడు. అప్పటికే చాలా ఆలస్యమైంది. ప్లీడరు ఆ ఉద్యోగం ఉంచుతాడో లేదో ఆమెకు తెలియదు.

"ఏమ్మా, రేపు గూడా ఈడనే ఆపాల్నా?" అన్నాడు డ్రైవరు.

"రేపూ ఆపాల, ఎల్లుండీ ఆపాల" అంది పంకజాక్షి. "నేను రాని దినం గూడా ఆపాల."