కొద్దిపాటి నష్టం

ఇరాను, ఇరాకు కొట్టుకుంటున్న రోజుల్లో మా ఆయన బాబూరావు నరసరావుపేట నుంచి ఒక గుంటూరు పేపరుకు వార్తలు పంపేవాడు. ఊళ్లో వార్తలంటే ఏముంటాయి? ఎడ్లు తప్పిపోవడం, మిరప ధర పడిపోవడం. అందుకని పొద్దున్నే యుద్ధం వార్తలు చదివి ఆ భాష ఒంటికి పట్టించుకునేవాడు. అందులో ఆయనకు తెగ నచ్చిన మాట ‘కొద్దిపాటి’. కొద్దిపాటి ఉప్పు, కొద్దిపాటి జ్వరం అంటామే, అదే. ఊరు సగం కూలినా, ఆ ఊరివాళ్ల ప్రభుత్వం ‘మాకు కొద్దిపాటి నష్టం, శత్రువుకు భారీ నష్టం’ అనేది. అవతలివాళ్లదీ అదే పాట. పేపరువాళ్లు రెండూ పక్కపక్కనే అచ్చేసేవాళ్లు.

“ఎంత పెద్దరికం ఉందే ఆ మాటలో!” అని మురిసిపోయేవాడు. నాకు ఒళ్లు మండేది.

ఆ ఎండాకాలం మా వీధి కుళాయికి రోజు విడిచి రోజు నీళ్లు. వరుసలో మనుషులకు బదులు బిందెలు నిలబడేవి. బిందె పెట్టేసి ఇంటికెళ్లి పొయ్యి రాజేసుకోవచ్చు, దాన్ని ఎవరూ కదపకూడదు. మా వీధి చట్టం అది. ఒకరోజు మా ఆడబిడ్డ కృపామణి ఆలస్యంగా వచ్చి, ముందున్న మాబున్నీసా బిందెను కాలితో పక్కకు నెట్టింది. అది మెట్ల మీద దొర్లి, కింద బండకు కొట్టుకుని ఒక పక్కంతా లోపలికి పోయింది. మాబున్నీసా పుట్టింటి బిందె అది. చనిపోయిన వాళ్లమ్మ పేరు దాని మీద చుక్కలుగా కొట్టించి ఉంది. ఆ పేరు కూడా సగం ముడుచుకుపోయింది.

ఇద్దరూ జుట్లు పట్టుకున్నారు. వీధి తగువులు తీర్చే టీకొట్టు ఖాజా మొహిద్దీన్ మామ వచ్చి, రేపు మాట్లాడదామని విడదీశాడు.

తెల్లారేసరికి పేపర్లో పడింది: ‘కుళాయి వద్ద ఘర్షణ. ఒక బిందెకు కొద్దిపాటి నష్టం.’ అక్క మీద ప్రేమతో మా ఆయన రాసిన వార్త.

“కొద్దిపాటి అని అచ్చులో పడ్డాక ఇంక తగువేందమ్మా? ఇంటికి పోండి,” అన్నాడు మొహిద్దీన్ మామ.

మాబున్నీసా బిందె ఎత్తి చూపించింది. “పేపరు చూస్తన్నావు గానీ మామా, దీన్ని చూడవేంది?”

మామ చూళ్లేదు. కృపామణి కొంగు దులుపుకుని వెళ్లిపోయింది.

మా మంచి బిందె మాబున్నీసాకు ఇచ్చి, ఆ సొట్టబిందె మా ఇంటికి తెచ్చాను. మళ్లీ నీళ్లొచ్చిన రోజు కుళాయి కింద దాన్నే పెట్టాను. సగం నిండగానే పక్కకు ఒరిగి నీళ్లన్నీ వొలకబోసింది.

మర్నాడు దొడ్లో మా ఆయన ఒంటినిండా సబ్బు పూసుకుని కేక పెట్టాడు. “ఏమే! నీళ్లెక్కడే?”

“అయిపోయినయ్.”

“అయిపోవటమేంది? నిన్న పట్టలా?”

“పట్టా. బిందెకు కొద్దిపాటి నష్టం గదండీ, కొద్దిపాటి నీళ్లే ఆగినయ్.”

“కళ్లు మండుతన్నయ్యే!”

“కొద్దిపాటి మంటేలెండి.”

గోడ అవతల పక్కింటివాళ్లు పగలబడి నవ్వారు.

“భారీ! భారీ నష్టమని రాస్తా! ముందు నీళ్లు పొయ్యవే తల్లీ!”

అప్పుడు దాచిపెట్టిన చెంబెడు నీళ్లు బయటికి తీశాను.

అన్నట్టే రాశాడు: ‘బిందెకు జరిగినది భారీ నష్టమని ఆలస్యంగా తెలియవచ్చింది.’ అచ్చులో మాట మారగానే మొహిద్దీన్ మామ కంటికి బిందె కూడా కనబడింది. కృపామణి దాన్ని బాగు చేయించి, నిండా నీళ్లతో మాబున్నీసా ఇంటికి మోసుకెళ్లి ఇవ్వాలని తేల్చాడు.

ఎండలో రొప్పుతూ మోసుకొచ్చింది మా ఆడబిడ్డ. వెనకాల నేనూ మా ఆయనా వెళ్లాం. మాబున్నీసా నీళ్ల వంక చూడలేదు. కూర్చుని, బిందె మీద చుక్కలు ఒక్కొక్కటే వేలితో తడిమింది. సొట్ట పోయింది గానీ సుత్తి దెబ్బలకు చివరి చుక్కలు చదునైపోయాయి.

“అమ్మ పేర్లో ఒక అక్షరం పోయిందక్కా,” అంది నాతో.

ఓదార్చడానికి మా ఆయన నోరు తెరిచాడు. ఏ మాట రాబోతుందో నాకు తెలుసు. నాకంటే ముందు కృపామణికి తెలిసింది.

“నోరు మూసుకోరా తమ్ముడూ!” అని అరిచి, మాబున్నీసా పక్కన కూలబడి, ఆమె కంటే గట్టిగా ఏడ్చింది.