కుడి మలుపుల బండి

బావ చిన్నకారు షెడ్డు ముందు ఆగిందంటే చాలు, ఈమధ్య చక్రధారి తల వంచుకుని చేతిలో పనిలో దూరిపోయేవాడు. చక్రధారి అతని అసలు పేరు కాదు. పొద్దస్తమానం కార్ల చక్రాలు సూటిగా నిలబడ్డాయో లేదో కొలిచి సరిచేసే పని కాబట్టి, "చేతిలో చక్రం ఉంది, శంఖం ఒక్కటే తక్కువ" అని ఎగతాళిగా ఆ పేరు పెట్టింది బావే. పేరు కాస్తా అంటుకుపోయింది. బావంటే ఎవరో కాదు, సొంత అక్క మొగుడు. పదహారేళ్ళప్పుడు చక్రధారిని పక్కన కూర్చోబెట్టుకుని స్టీరింగు పట్టుకోవడం నేర్పినవాడు. ఇప్పుడు అయిదుగురు పిల్లల్ని ఆ కారులో బడికి దింపి, సాయంత్రం తీసుకొచ్చి, ఆ పని మీదే ఇల్లు నెట్టుకొస్తున్నాడు. ఆ అయిదుగురిలో ఒకతి చక్రధారి కూతురు, ఎనిమిదేళ్ళది.

"ఏమయ్యా చక్రధారీ, ఇదేనా నువ్వు చక్రం తిప్పడం?" కారు దిగుతూనే అందుకున్నాడు బావ. "టైరు వేసి మూడు నెలలు కాలేదు, మళ్ళీ అరిగింది. గుడ్డెద్దు చేలో పడ్డట్టుంది నీ పని."

బల్ల మీద వంతుకోసం కూర్చున్న ఇద్దరు ఖాతాదారులు తలెత్తి చూశారు. చక్రధారికి చెవులు వేడెక్కాయి. ఏడు నెలల్లో ఇది మూడోసారి. ప్రతిసారీ బావ పదిమందిలో నిలబెట్టి కడిగేయడం, తను నోరు మూసుకుని మళ్ళీ సరిచేసి పంపడం. ఎంత బావైతే మాత్రం, మనిషికి తన పని మీద రోషం ఉండదా?

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నా మీద పడతావేం? నీ తోలడం ఎలా ఉందో ముందు చూసుకో," అన్నాడు.

"ఇరవై ఆరేళ్ళుగా తోలుతున్నాను. నీకు నేర్పింది నేను, గుర్తుందా?"

గుర్తుంది కాబట్టే ఇంకేమీ అనకుండా కారును ర్యాంపు మీదికి ఎక్కించాడు. ఎడమవైపు ముందు టైరు చూస్తే మతిపోయింది. బయటి అంచంతా బడిపిల్లలు రబ్బరు ముక్క ఒకే మూల అరగదీసినట్టు నున్నగా అయిపోయి, ఒకచోట లోపలి దారాలు బయటపడ్డాయి. కుడివైపు ముందు టైరు మాత్రం చెక్కుచెదరలేదు. రెండూ ఒకే రోజు, ఒకే కొట్లో కొన్నవి. టైరు నకిలీదనుకోవడానికి కూడా లేదు.

ఈసారి చక్రధారి పట్టుదలగా చూశాడు. గాలి కొలిచాడు, సరిగ్గా ఉంది. చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు, ఎక్కడా వదులు లేదు. నాలుగు చక్రాలకూ కొలత పెట్టెలు తగిలించి తెర వైపు చూశాడు. అంకెలన్నీ పచ్చగా, తను పోయినసారి ఎక్కడ పెట్టాడో అక్కడే, వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నాయి. తలుపు అంచున అంటించిన చీటీ మీద పోయినసారి రాసుకున్న కిలోమీటర్లు చూశాడు. బడికి, ఇంటికి తిరిగే బండి తిరగాల్సినదానికి రెండింతలు తిరిగింది.

"బావా, బయట బాడుగలకేమైనా వెళ్తున్నావా?"

"లేదు."

"మరి మీటరు ఇంత చూపిస్తోందేం?"

"దగ్గరి దారి బాలేదు. చుట్టూ తిరిగి వెళ్తున్నాను. అదీ నీకు లెక్క చెప్పాలా?"

చుట్టూ తిరిగి అన్న మాట దగ్గర చక్రధారి చెయ్యి టైరు మీదే ఆగిపోయింది. నిన్న సాయంత్రం సంగతి గుర్తొచ్చింది. భోజనానికి రమ్మని భార్య పిలిస్తే, కూతురు ఎడమపక్కనే ఉన్న వంటగదిలోకి తిన్నగా పోకుండా, కుడికి తిరిగి, బల్ల చుట్టూ పోయి, మళ్ళీ కుడికి, మళ్ళీ కుడికి తిరిగి వచ్చింది. ఇదేం నడకే అంటే, "మామయ్య కారాట నాన్నా. ఎడమకి తిరిగితే అవుట్. ఎడమకి పోవాలంటే మూడు కుడులు తిరగాలి" అంది. ఆటలు కట్టిపెట్టి కంచం ముందు కూర్చోమని తల్లి కసిరింది. తనూ నవ్వేసి ఊరుకున్నాడు.

ఇప్పుడు నవ్వు రాలేదు. బండి కుడికి తిరిగినప్పుడల్లా బరువంతా ఎడమ ముందు చక్రం బయటి అంచు మీద పడుతుంది. ఒకటి రెండు మలుపులైతే టైరుకు లెక్కలేదు. నెలల తరబడి రోజంతా కుడికే, కుడికే, కుడికే తిప్పితే సరిగ్గా ఇలాగే అరుగుతుంది. తను కొలిచింది తప్పు కాదు. బండిలోనూ తప్పు లేదు. ఇరవై ఆరేళ్ళు బండి తోలిన మనిషి ఎడమకి తిరగడానికి భయపడుతున్నాడు.

ఎందుకో తెలుసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఖాతాదారులిద్దరూ వెళ్ళిపోయేదాకా ఆగి, టీ తెప్పించి, బల్ల మీద కూర్చున్న బావకి ఎడమపక్కన, మోచేతికి జానెడు దూరంలో గ్లాసు చప్పుడు కాకుండా పెట్టాడు. తను ఎదురుగా నిలబడి తన టీ తాగుతూ చూశాడు. బావ ధరల గురించి, ఎండల గురించి ఏవేవో మాట్లాడుతూనే ఉన్నాడు. గ్లాసు జోలికి పోలేదు.

"టీ చల్లారిపోతోంది బావా."

"ఏదీ, ఇలా ఇవ్వు," అని బావ ముందుకి చెయ్యి చాచాడు.

చక్రధారి గ్లాసు అందివ్వలేదు. బావ చాచిన చెయ్యి కాసేపు గాలిలో అలాగే ఉంది. తర్వాత బావ మెల్లగా మెడంతా ఎడమకి తిప్పి, గ్లాసును చూసి, చెయ్యి దించేశాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అడిగాడు చక్రధారి.

"వానలప్పటినుంచి. ముందు ఎడమకన్ను మసకేసింది. ఇప్పుడు ఆ పక్కంతా తెర దించేసినట్టే."

"డాక్టరు ఏమన్నాడు?"

"పోయిన చూపు రాదన్నాడు. రెండో కన్నయినా దక్కాలంటే రోజూ చుక్కలు వేసుకోమన్నాడు. వేసుకుంటున్నాను."

"అక్కకి తెలుసా?"

"తెలిస్తే బండెక్కనిస్తుందా?" బావ గొంతు తగ్గింది. "నాకు ఈ పని తప్ప ఇంకోటి రాదురా. అయినా నేనేం ఒళ్ళు తెలియకుండా తోలట్లేదు. ఎడమకి తిరిగేటప్పుడే కదా సందు చూసుకుని సైకిళ్ళు దూరేదీ, మనుషులు అడ్డంపడేదీ? అందుకే ఎంత దూరమైనా కుడివైపే పోతున్నాను. బండంతా వెతుకు. ఒక్క గీత ఉందేమో చూపించు."

చక్రధారి వెతకలేదు. గీత ఉండదని అతనికి తెలుసు. కోపం వచ్చింది, జాలి వేసింది, రెండింటిలో ఏది ముందు మింగాలో తెలియలేదు. తనకి స్టీరింగు నేర్పేటప్పుడు "ముందు చూడటం ఎవడైనా చూస్తాడు, పక్కలు చూడరా" అని నెత్తిన మొట్టిన మనిషి ఈయనే. ఉన్నట్టుండి ఇంకోటి తట్టింది. మామయ్య పక్కన ముందు సీటు నాదే అని రోజూ ఇంట్లో గొప్పలు చెప్పుకునేది కూతురు.

"నా కూతుర్ని ఆ గుడ్డి పక్కనా కూర్చోబెట్టావు?" అన్నాడు.

బావ నేల చూపులు చూశాడు. "అది చురుకైన పిల్లరా. ఆ పక్క ఎవరైనా వస్తున్నారేమో చూడమ్మా అంటే కళ్ళార్పకుండా చూసి చెబుతుంది. ఇంతవరకు ఒక్కసారి తప్పు చెప్పలేదు."

చక్రధారి చేతిలో గ్లాసు పక్కన పెట్టేసి, వెనక్కి తిరిగి, పనిముట్ల బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. కొట్టాలనిపించింది. అక్క మొగుడు, నేర్పినవాడు, పెద్దవాడు అని చెయ్యి రాలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల ఏడు నెలలుగా ఆట అనుకుంటూ అయిదుగురి ప్రాణాలకు కాపలా కాస్తోంది. ఇంటికొచ్చి హోంవర్కు చేసుకుంటోంది.

గోడ గడియారం మూడు దాటింది.

"బండి దించు," అన్నాడు బావ. "పిల్లలు గేటు దగ్గర నిలబడతారు. ఈ ఒక్కపూటా వెళ్ళొస్తాను. రేపటినుంచి ఏదో ఒకటి ఆలోచిద్దాం."

చక్రధారి అరిగిన టైరు విప్పి, తన దగ్గరున్న పాత టైరు ఒకటి బిగించాడు. ర్యాంపు దించాడు. తాళం చెవి బావకి ఇవ్వకుండా తనే వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు. బావ కాసేపు షెడ్డు గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత చుట్టూ తిరిగి వచ్చి, ఎడమ తలుపు పిడి కోసం ఒకసారి తడుముకుని, పక్క సీట్లో కూర్చున్నాడు. బండి బడి దారి పట్టింది.

నాన్న కారు తోలుకొచ్చాడని కూతురికి ముందు సంతోషం, తన సీట్లో మామయ్య కూర్చున్నాడని వెంటనే అలక. మిగతా నలుగురితో పాటు వెనక ఇరుక్కుని కూర్చుంది. బడి వీధి చివర ఇంటి దారి ఎడమకి చీలుతుంది. చక్రధారి అక్కడ బండి నెమ్మది చేశాడు.

"ఎడమపక్క ఎవరూ లేరు మామయ్యా," అంది కూతురు వెనకనుంచి, అలవాటుగా. చక్రధారి అద్దంలో కూతురి ముఖం చూశాడు. తనూ ఒకసారి చూసుకుని ఎడమకి తిప్పాడు.

"అవుట్," అని అయిదు గొంతులూ ఒక్కసారే లేచాయి. "నాన్న అవుట్. నాన్న ఎడమకి తిప్పాడు," అని కూతురు సీటు వెనక గుద్దింది.

బావ ఒడిలో చేతులు పెట్టుకుని ముందుకే చూస్తున్నాడు.

"నాన్న కాదమ్మా. నేను అవుటు."

మామయ్య ఒప్పేసుకున్నాడని పిల్లలంతా చప్పట్లు కొట్టారు.